తమ్ముడికిచ్చిన పని

నాన్న పోయిన దుఃఖం ఇంకా ఆరకముందే తమ్ముడు ఆయన రబ్బరు ఫ్యాక్టరీ గేటు తాళం మార్పించేశాడు. అక్క రోజూలాగే టిఫిన్ డబ్బా పట్టుకుని వస్తే, వాచ్‌మన్ తలొంచుకుని "రానివ్వద్దన్నారమ్మా" అన్నాడు.

పెళ్లికి ముందూ తర్వాతా ఆమె ఆ షెడ్డులోనే అరిగిపోయింది. కుక్కర్ గ్యాస్కెట్లు, కుళాయి వాషర్లు, కుర్చీ కాళ్ల తొడుగులు... ఏ రబ్బరు సరుకైనా ఆమె చూశాకే గడప దాటేది. తమ్ముడు మాత్రం ఏసీ గది దాటేవాడు కాదు.

"అంతా నువ్వే అయితే ఇక నేనెందుకక్కా? ఇంటిపట్టున ఉండు, బావ చూసుకుంటాడు" అన్నాడు తమ్ముడు గేటు చువ్వల అవతలి నుంచి, నవ్వుతూ.

ఆమె ఏడవలేదు. అదే వీధి చివర రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని రబ్బరు అచ్చువేసే పాత ప్రెస్సు ఒకటి పెట్టింది.

"ఇంకెక్కడా చోటే దొరకలేదా?" అన్నాడు భర్త.

"వాడి కళ్లెదుటే ఉండాలి."

తర్వాత కాచుక్కూర్చుంది. తమ్ముడికి పెద్ద ఆర్డరు తగిలిందని తెలియగానే అతని మిక్సింగ్ మేస్త్రీని లాగేసుకుంది. రబ్బరులో గంధకం, మసి ఏ పాళ్లలో కలపాలో అక్కడ తెలిసింది ఆయనకే.

"వాడు మునిగిపోతాడమ్మా" అన్నాడు మేస్త్రీ.

"మునగాలనే బాబాయ్."

మునిగాడు. సరుకు కొంత జిగురుగా, కొంత పెళుసుగా వచ్చి, వెళ్లినదల్లా తిరిగొచ్చింది. కొనేవాళ్లు ఒక్కొక్కరే వీధి చివరికి నడిచారు. యంత్రాలు అమ్ముడుపోయాక తమ్ముడు అక్క గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏదో ఒక పని ఇప్పించక్కా. ఇల్లు గడవట్లేదు."

"రా" అంది వెంటనే. నేలమీద చాప వేయించి చేతికి కత్తెరిచ్చింది. అచ్చులోంచి వచ్చిన గ్యాస్కెట్ల అంచులకి వేలాడే పలచటి రబ్బరు కత్తిరించే పని.

అతను ఒళ్లు దగ్గర పెట్టుకుని నేర్చుకున్నాడు. వేళ్లు బొబ్బలెక్కాయి. సాయంత్రం గంప తెచ్చి ముందు పెడితే, ఆమె ఒక్కొక్కటే వెలుగుకెత్తి చూసి సగం తుక్కులోకి విసిరేసేది.

"రేపైనా సరిగ్గా చెయ్."

ఒకరోజు మేస్త్రీ తుక్కులోంచి ఒకటి తీసి సాగదీసి చూశాడు. "ఇది బాగానే ఉంది కదమ్మా?"

"తెలుసు బాబాయ్."

తమ్ముడు విన్నాడు. తలెత్తలేదు. ఇంకో గంప దగ్గరికి లాక్కున్నాడు.

ఆ పూట ఆమె కడుపునిండా తిని, ఆదమరిచి నిద్రపోయింది.