కెర్న్స్‌బరో కుమ్మర్ల ఆఖరి దిద్దుబాటు

వెర్నా టాల్బట్ తమ ఊరి బేస్‌బాల్ జట్టు చరిత్ర నలభై పేజీలు రాసింది, ఒక్క రోజు తప్ప. ఆ రోజు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. 1971 ఆగస్టు ఇరవై రెండు, ఆదివారం.

మిగతాదంతా ఆవిడకి కొట్టిన పిండే. ఒహాయో నది ఒడ్డున పింగాణీ కార్ఖానా యజమానులు జట్టు పెట్టిన సంగతి, ఊళ్లో సగంమంది మట్టి పిసికేవాళ్లే కాబట్టి దానికి కుమ్మర్లని పేరు పడిన సంగతి, యాభై ఎనిమిదిలో కప్పు గెలిచినప్పుడు కార్ఖానా సైరను గంటసేపు ఆపకుండా మోగించి కాపలావాడు చివాట్లు తిన్న సంగతి, అన్నీ రాసింది. ఆటగాళ్లంటే పందొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. ఊరివాళ్ల ఇళ్లలోనే ఉండి, వాళ్లు పెట్టిందే తిని, ఆ ఇళ్ల అమ్మాయిల్నే పెళ్లాడి ఇక్కడే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. సీజను ముగిశాక ప్రతి కుర్రాడికీ పేరు రాసి కాల్చిన పింగాణీ పళ్లెం ఒకటి ఇచ్చి పంపేవాళ్లు. పెద్ద నగరాల జట్లుండే పెద్ద లీగుదాకా వెళ్లినవాళ్లు వేళ్ల మీద లెక్క. మిగిలినవాళ్లందరికీ ఆ పళ్లెమే దక్కింది.

ఇప్పుడు ఆ జట్టుకే నూకలు చెల్లాయి. పైన కూర్చున్న పెద్దమనుషులెవరో చిన్న ఊళ్ల జట్లన్నీ ఒక్క గీతతో కొట్టేశారు. వాళ్లలో ఒక్కడైనా ఇక్కడి చెక్కబల్లల మీద కూర్చుని, నది మీంచి గాలి తగులుతుంటే, చర్చి ఆడవాళ్లు కజ్జికాయల్లా చేసి వేయించిన పిరోగీలు తిన్నాడా? తినుంటే ఆ గీత గీయడానికి చేతులొచ్చేవా? పోనీలెండి, ఎవరికి చెప్పుకుంటాం. ఈ ఆదివారం మధ్యాహ్నం ఆటే ఆఖరిది. పుస్తకం మర్నాడే అచ్చుకి వెళ్లాలి.

డెబ్బై ఒకటిలో వెర్నాకి ఇరవై ఆరేళ్లు. ఊరి పత్రికలో ఆటల వార్తలు రాసేది, పత్రికవాళ్లే స్కోరరుగా కూర్చోవడం అప్పటి ఆనవాయితీ. ఆ కుర్చీ ఇప్పటికీ ఆవిడదే. బంతిని కొట్టి పరుగెత్తినవాడు బేస్ అనే మజిలీ చేరుకుంటే అది వాడి గొప్పతనమా, పట్టాల్సినవాడి చేతకానితనమా అన్నది స్కోరరే తేల్చాలి. మొదటిదైతే హిట్, రెండోదైతే ఎర్రర్. వెర్నా స్టేడియం పైగది కిటికీలోంచి ఒక వేలు చూపిస్తే బోర్డు మీద హిట్ పడేది, పిడికిలి చూపిస్తే ఎర్రర్. జట్టులో రెండో మూడో బేసుల మధ్య బంతులు ఆపే షార్ట్‌స్టాప్ ఆవిడ సొంత తమ్ముడు క్లైడ్ అయినా ఎవరూ వంక పెట్టలేదు. వెర్నా తప్పు రాయదని ఊరంతటికీ నమ్మకం.

ఆ ఆదివారం పొద్దున క్లైడ్ గుడ్లూ రొట్టే ముందు పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంకొక్క ఎర్రర్ పడితే పెట్టె సర్దుకోమన్నాడట మేనేజరు. తల్లి పోయాక వాణ్ణి పెంచింది వెర్నాయే. మధ్యాహ్నం ఆటలో ఎమిల్ దుర్కో పిచింగ్ చేస్తున్నాడు, అంటే బంతులు విసిరేది అతనే. కార్ఖానా బట్టీ దగ్గర పనిచేసే దుర్కోల అబ్బాయి, ఇదే ఊరివాడు. తొమ్మిదింటిలో ఏడు ఇన్నింగ్స్ అయిపోయినా అవతలివాళ్లకి ఒక్క హిట్టూ ఇవ్వలేదు. అలా ఆట పూర్తిచేసిన పిచర్ కుమ్మర్ల చరిత్రలో అప్పటికి లేడు, ఆ తర్వాతా రాలేదు. జనం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బంతి నేలమీద పొర్లుకుంటూ తిన్నగా క్లైడ్ దగ్గరికొచ్చింది. చిన్నపిల్లలు పట్టే బంతి. అది వాడి గ్లవ్ కిందనుంచి జారిపోయింది. బోర్డు దగ్గరివాడు వెర్నా కిటికీ వైపు చూశాడు.

వెర్నా ఒక వేలు చూపించింది.

దిద్దుకోవడానికి ఒక రోజు గడువుంటుంది. మర్నాడు ఫోను దాకా వెళ్లి వెనక్కొచ్చేసింది. మరుసటి ఏడాది క్లైడ్‌కి పెద్ద లీగు నుంచి పిలుపొచ్చింది. పదకొండు ఆటలాడాడు. ఇవాళ్టికీ గేటు దగ్గర వాడి ఫోటో ఉంది. ఎమిల్‌ని ఆ వసంతంలోనే జట్టులోంచి తీసేశారు. వాళ్ల నాన్న పనిచేసిన బట్టీ దగ్గరే చేరి ముప్పై ఆరేళ్లు పళ్లాలు కాల్చాడు. క్లైడ్ రెండేళ్ల కిందట పోయాడు. ఇక దాచి ఎవరిని కాపాడాలి? అయినా ఆ సంగతి ఆవిడ గొంతు దాటి రాలేదు. తమ్ముడి పేరు తన చేత్తోనే చెరిపినట్టవుతుందని భయం.

ఆఖరి ఆటకి ముందు లాంఛనంగా మొదటి బంతి వేయమని క్లబ్బువాళ్లు ఎమిల్‌ని పిలిచారు. గేట్లు తెరవకముందే వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే, మూడో బేస్ వెనక బల్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. వెర్నా కర్ర పట్టుకుని మెట్లు దిగి వెళ్లి పక్కన కూర్చుంది. ఎండ ఎక్కువగా ఉందని ఒక మాట, నదిలో నీళ్లు తగ్గాయని ఒక మాట అయ్యాక ఇక ఉండబట్టలేకపోయింది. క్లైడ్ ఏడవడం దగ్గర్నుంచి ఫోను దాకా మొత్తం చెప్పేసింది.

ఎమిల్ మైదానం మధ్యలో పిచర్లు నిలబడే దిబ్బ వైపు చూశాడు. కోపంతో అరిచినా వెర్నా తట్టుకునేదే.

"ఆ బంతి ఎలా పడింది?" అన్నాడు చివరికి. "నువ్వు చూశావుగా, చెప్పు."

"ఆ ఏడాది నేను చూసినవాటిలో అంత మంచి బంతి లేదు ఎమిల్. బ్యాట్ చివర తగిలింది, అంతే."

"అది నా వంపు బంతి. దాన్ని గట్టిగా కొట్టారని నువ్వు రాశావు. పేపర్లో చదివా. అప్పటికి దాంట్లో పస పోయిందనుకుని వెయ్యడమే మానేశా. మరి అది లేకపోతే నా దగ్గరింకేముంది? అందుకే తీసేశారు నన్ను."

వెర్నాకి తల కొట్టేసినట్టయింది. ఈ సంగతి ఇన్నేళ్లలో ఆవిడకి తట్టనేలేదు.

"పాలీన్ మాత్రం అది ఎర్రరేనని మొదట్నుంచీ అనేది," అన్నాడు ఎమిల్. పాలీన్ ఆయన భార్య, మొన్న జనవరిలోనే పోయింది. "చర్చిలో పిరోగీలు చేసేటప్పుడు ఆడవాళ్లందరితో పోట్లాడేది. నేనేమో నోర్ముయ్ పాలీన్, వెర్నా రాసింది, వెర్నా తప్పు రాయదు అనేవాణ్ణి. నలభై ఎనిమిదేళ్లు నా పెళ్లాం నోరు నొక్కేశాను వెర్నా, నీ మాట మీద."

క్షమించమని అడగడానికి కూడా ఆవిడకి మొహం చెల్లలేదు. పుస్తకంలో ఉన్నదున్నట్టు రాస్తానంది.

"పుస్తకం ఎవరు చదువుతారు? నాకొక్కడికి చెవిలో చెప్పి చేతులు దులుపుకుంటే ఎలా? నా బంతిని కొట్టారని ఊరంతా విందిగా. ఊరంతా వినేలా చెప్పు."

స్టేడియం నిండింది. ఎమిల్ పిచర్ల దిబ్బ ఎక్కి నిలబడ్డాడు, డెబ్బై ఏళ్ల మనిషి, కొత్త జెర్సీ భుజాల మీద వేలాడుతోంది. పైన గదిలో వెర్నా మైకు అడిగి తీసుకుంది. కిటికీలోంచి గేటు మీదున్న తమ్ముడి ఫోటో వెనకవైపు కనబడుతోంది. వాణ్ణి ప్రాణంలా పెంచుకుంది మరి.

"1971 ఆగస్టు ఇరవై రెండు, ఎనిమిదో ఇన్నింగ్స్. స్కోరరు దిద్దుబాటు," అంది. "అది హిట్ కాదు. ఎర్రర్, షార్ట్‌స్టాప్ క్లైడ్ టాల్బట్. పిచర్ ఎమిల్ దుర్కో ఆ రోజు ఒక్క హిట్టూ ఇవ్వలేదు. తప్పు రాసింది నేను. తెలిసే రాశాను."

ఆకాశం విరిగి పడుతుందనుకుంది. ఏమీ కాలేదు. జనంలో ముప్పావు వంతు అప్పటికి పుట్టనేలేదు, వాళ్లకి అర్థం కాక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మూడో బేస్ వైపు పాత కార్ఖానా మనుషులు పదిహేనుమంది మాత్రం మోకాళ్లు పట్టుకుని ఒక్కొక్కరే లేచి నిలబడి టోపీలు తీశారు. ఎమిల్ వాళ్ల వైపు చూసి, బంతిని వేళ్లలో సర్దుకుని విసిరాడు. అది తిన్నగా వెళ్లి ఆఖర్న కిందకి వంగింది. క్యాచర్ కుర్రాడు దాన్ని పట్టలేకపోయాడు. వెర్నా ఏడ్చేసింది.

పది నిమిషాల్లో ఎమిల్ పైకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆ గదికి రావడం అదే మొదటిసారి. ఆయాసపడుతున్నాడు.

"నేను ఆటకి ఉండడంలేదు," అన్నాడు.

"ఆఖరి ఆట ఎమిల్! ఒక్క ఆటైనా వదిలావా నువ్వు?"

"కొండ మీదకెళ్లాలి, పాలీన్ దగ్గరికి. నువ్వే గెలిచావే అని చెప్పి రావాలి."

వెర్నా కర్ర అందుకుని లేవబోయింది. తనూ వస్తానంది, ఆవిడకి తానే చెప్పాలంది. ఎమిల్ వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది మా మొగుడూ పెళ్లాల మాట. నువ్వు కూర్చో. కింద కుర్రాళ్లు ఆడబోతున్నారు. సరిగ్గా రాయి."

ఆయన మెట్లు దిగిపోయాడు. ఆటలో మొదటి బంతి పడింది, వెర్నా కళ్లు తుడుచుకుని పెన్సిల్ అందుకుంది.