అయిదు వేళ్ల యంత్రం

డాక్టరు రిపోర్టును ముద్దాయి తరపు లాయరు రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు, ఎవరో వాడి పారేసిన చేతిరుమాలు పట్టుకున్నట్టు.

"పెద్ద గాయాలు లేవు. మణికట్ల మీద కమిలిన గుర్తులు పనిలో తగిలినవి కావచ్చని డాక్టరుగారే రాశారు. నిజంగా ఎదిరించిన ఆడమనిషికి ఇంతేనా దెబ్బలు?"

సాక్షి బోనులో నిలబడ్డది లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే మనిషి. స్టోరుగదిలో ఆమెను చెరిచిన మేనేజరు ఎదురుగా, పెళ్లి భోజనానికి వచ్చినవాడిలా నిమ్మళంగా కూర్చున్నాడు. తలుపులు మూసి జరిపే విచారణ. తోడుగా ఆమె అత్తగారిని ఒక్కదాన్నే రానిచ్చారు. లాండ్రీలో అందరికీ ఆవిడ ఇస్త్రీ అత్త.

"అరిచావా?"

"నోరు నొక్కాడు."

"కొరికావా?"

"ఊపిరాడలేదు."

"ఊపిరాడలేదట!" లాయరు నవ్వాడు. జడ్జి గడియారం చూసుకున్నాడు.

ఇస్త్రీ అత్త లాయరు మెడకున్న తెల్ల కాలరు చూసింది. మొన్న సోమవారం దానికి గంజి పెట్టి ఇస్త్రీ చేసింది తనే. చేతులు కడుక్కోవాలనిపించింది.

భోజనాల వేళకి ఆవిడ బయటికి రాగానే వరండాలో పద్నాలుగు మంది లాండ్రీ ఆడవాళ్లు చుట్టేశారు.

"ఏమంటాడత్తా?"

"మణికట్టు మీదవి పని దెబ్బలట."

బాయిలరు దగ్గర పనిచేసే ఆమె భగ్గుమంది. "నీ చెయ్యి ఆవిరికి ఉడికినప్పుడు ఈ లాయరే కదా, ఇంట్లో పొయ్యి మీద కాల్చుకుందన్నాడు! మన దెబ్బలు ఇంటివి, వాడు చేసినవి పనివి. ఏం చదువులమ్మా వీళ్లవి!"

"గట్టిగా అనకే, ఉద్యోగాలు పోతాయి," అంది సబ్బునీళ్ల గదిలో పనిచేసే ముసలామె.

"నా చెయ్యి కాలినప్పుడూ ఇట్లాగే నోరు మూసుకున్నాం," అంది ఇస్త్రీ అత్త. "అందుకే వాడికింత ధైర్యం."

విచారణ మళ్లీ మొదలవగానే ఇస్త్రీ అత్త లేచి నిలబడి చేతులు చాపింది.

"అయ్యా, పని దెబ్బలంటే ఇవి. ఆవిరి మోచేతి దాకా కాలుస్తుంది. దుప్పట్లు పిండితే అరచేతి తోలు ఊడుతుంది. నా కోడలి మణికట్టుకి ఒక పక్క నాలుగు వేళ్లు, ఇంకో పక్క బొటనవేలు. మా లాండ్రీలో ఏ యంత్రానికి అయిదు వేళ్లున్నాయి?"

"నువ్వు సాక్షివి కావు," అన్నాడు జడ్జి, టైపిస్టు వైపు తిరిగి. "ఇదేదీ రాయొద్దు. కోర్టును అవమానిస్తోంది, తీసుకుపొండి."

పోలీసులు ఆమె రెక్క పట్టుకున్నారు. పొద్దుట్నుంచి నేల చూస్తూ మాట్లాడిన కోడలు తలెత్తింది.

"నేను సాక్షినే కదండీ. నా మాట రాయక తప్పదు. మా అత్త అన్నదంతా నేనంటున్నా, రాయండి. ఆ చేత్తోనే పట్టుకున్నాడు. కొలిచి చూడండి."

మేనేజరు చేతులు బల్ల కిందికి దించుకున్నాడు. టైపు మిషను టకటకలాడింది. అంతసేపూ కునుకు తీసిన ప్రభుత్వ వకీలు, డాక్టరును మళ్లీ పిలవాలని అడగక తప్పలేదు.

బయట అత్తను ఎక్కించిన పోలీసు వ్యానుకి అడ్డంగా పద్నాలుగు మంది నిలబడ్డారు. "ఎక్కిస్తే అందర్నీ ఎక్కించండి!" ఎక్కించారు. మర్నాడు లాండ్రీలో బాయిలరు వెలగలేదు.

పదిరోజుల తర్వాత వాయిదా. అందరూ బెయిలు మీద వచ్చారు, పనిలోకి మాత్రం ఎవరూ పోలేదు. లాయరు కాలరు నలిగి, మాసి, మెడకి వేలాడుతోంది. ఇస్త్రీ అత్తను ఈసారి లోపలికి రానివ్వలేదు. పద్నాలుగు మందితో పాటు మూసిన తలుపుకి చెవి ఆనించింది.

లోపల కోడలి గొంతు, ఈసారి గట్టిగా. "చెప్పండి డాక్టరుగారూ, ఏ యంత్రం?"

కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత డాక్టరు సణుగుడు: "యంత్రం కాదు... చెయ్యే."

టైపు మిషను మొదలైంది.

"బాయిలరు వెలిగిద్దామా అత్తా?" అంది సబ్బునీళ్ల ముసలామె.

"తీర్పు కూడా టైపు కానీ," అంది ఇస్త్రీ అత్త. "అందాకా మాసిన కాలర్లతోనే కూర్చోనీ."