నైరుతి మూల నుంచి రెండు స్టూళ్ల మీదికి

నేను ఒక స్పీకరును. ‘ఒక’ అంటే మా తమ్ముడికి ఒళ్లు మంట, ఎందుకంటే మేం జంటగా పుట్టాం. కాకినాడలో ఓ రేడియో మెకానిక్ టేకు పెట్టెలు చేయించి, లోపల తీగలు అతికించి మాకు గొంతు పెట్టాడు. మొదటి ఉద్యోగం కాఫీ హోటల్లో. ఆ హోటలు మూతపడ్డాక గవర్రాజుగారు మమ్మల్ని రిక్షాలో ఇంటికి తెచ్చుకున్నారు.

ఆయన సర్వేయరుగా ఊళ్లకి ఊళ్లు కొలిచి రిటైరైన మనిషి. మమ్మల్ని కొన్నది ఒకే ఒక్క క్యాసెట్టు కోసం. ఆయన భార్య మాణిక్యాంబగారు పాతికేళ్ల కిందట రేడియోలో వాయించిన వీణ అందులో ఉంది. పక్షవాతంతో ఆవిడ ఎడమ చెయ్యి పడిపోయింది, ఇక వాయించలేరు. ఆవిడ వీణని ఆవిడకే వినిపించాలని ఆయన తాపత్రయం.

అంత ప్రేమగల మనిషి చేసిన నిర్వాకం చూడండి! బరువు నైరుతిలో ఉండాలన్నారట వాస్తు సిద్ధాంతిగారు. ఇంకేం, నా నెత్తిన తమ్ముణ్ణి ఎక్కించి, ఇద్దర్నీ నైరుతి మూల గోడకి ఆనించి కూర్చోబెట్టారు. పైన లేసుగుడ్డ, దాని మీద కొండపల్లి ఏనుగు. మూలన ఇరికిస్తే ఎవరి గొంతైనా గుమ్‌గుమ్మనక ఏం చేస్తుంది?

మాణిక్యాంబగారు రెండు నిమిషాలు విన్నారు.

“ఇదేం వీణండీ? బిందెలో రోకలి పెట్టి దంచుతున్నట్టుంది. ఇది నేను కాదు.”

“నువ్వే మాణిక్యం! ఒక్క తప్పు లేకుండా వాయించావు కదా ఆ రోజు!”

“నేనయితే నాకు తెలీదేంటి? ఆపెయ్యండి.”

మళ్లీ ఆ క్యాసెట్టు పెట్టనివ్వలేదు. గవర్రాజుగారు పాపం డీలా పడిపోయి, “దరిద్రపు డబ్బాలు” అని మమ్మల్నే తిట్టారు. మూలన కూర్చోబెట్టిందెవరో మరి!

వేసవిలో ఇంటికి సున్నం వేయించారు. సామానంతా గది మధ్యకి లాగారు. నన్నూ తమ్ముణ్ణీ చెరో స్టూలెక్కించి, గోడలకి దూరంగా, మాణిక్యాంబగారి మంచానికెదురుగా నిలబెట్టారు. చుట్టిన పరుపులు మా వెనక చేరాయి. పనివాళ్లు భోజనానికి వెళ్లగానే, లాగుడులో మా తీగలు తెగాయేమో చూద్దామని గవర్రాజుగారు చేతికందిన క్యాసెట్టు పెట్టారు. అదే క్యాసెట్టు!

వీణ వచ్చి మా ఇద్దరి నడుమ, ఖాళీ గాలిలో కూర్చుంది. గోరు తీగని తాకిన చప్పుడు కూడా తెలిసింది. మాణిక్యాంబగారు లేచి కూర్చున్నారు.

“అదిగో! మధ్యమం దగ్గర వేలు ఒక మెట్టు జారింది! విన్నారా? ఆ రోజు ఇంటికొచ్చి వంటింట్లో ఏడ్చానండీ, మీక్కూడా చెప్పలేదు. నేనే! ఇది నేనేనండీ!”

పాతికేళ్లుగా ‘ఒక్క తప్పు లేదు’ అని ఊరంతా చాటిన సర్వేయరుగారి ముఖం చూడాలి! ఆ తర్వాత ఆయన కూడా ఏడ్చేశారు. నాకు మాత్రం పట్టలేనంత సంతోషమైంది.

సున్నం ఆరాక ఆయన తన కొలత టేపు తీశారు. ఆవిడ దిండుకీ నాకూ, నాకూ తమ్ముడికీ, తమ్ముడికీ దిండుకీ ఏడేసి అడుగులు కొలిచి, స్టూళ్ల కాళ్ల చుట్టూ సుద్దతో హద్దులు గీశారు. నైరుతి మూలకి బియ్యం డబ్బా వెళ్లింది.

ఇప్పుడు చుట్టాలెవరొచ్చినా క్యాసెట్టు పెట్టాల్సిందే. ఆ చోటు దగ్గర పడగానే మాణిక్యాంబగారు కుడిచెయ్యెత్తి అందర్నీ ఆపుతారు.

“ఉష్, మాట్లాడకండి. ఇప్పుడు తప్పుతాను.”

ప్రతిసారీ తప్పుతారు. నేను ఒక్కసారి కూడా దాచలేదు.