చెట్టు కింద పింఛను

కుంటడం కూడా రాని మొగుడు దొరికాడని కొమురవ్వ దారి పొడుగునా సణుగుతూనే ఉంది. ధూళిమిట్టలో బండి కదిలింది మొదలు ఆమెకు అదే పాట.

"డాక్టరు ముందట జర వంగి నడువు. మూలుగు. కూసున్న కాడికెల్లి లేవరానట్టు లెవ్వు. నీ సొమ్మేం పోతది?"

దుబ్బయ్య ఎడ్లను అదిలిస్తూ ఊఁ కొట్టాడు. ఊఁ కొట్టడంలో అతన్ని మించినవాడు లేడు. వినడం మాత్రం వేరే సంగతి.

రెండో జర్మన్ లడాయి రోజుల్లో బర్మాకు పోయి, ఎడమ పాదాన్ని అక్కడి అడవిలో వదిలేసి వచ్చిన సిపాయి అతను. చీలమండ దాకా తీసేసిన ఆ కాలికి పట్నం దవాఖానలో ఒక తోలుబూటు కుట్టి తొడిగారు. సర్కారు పింఛను రాసింది. అయితే సర్కారు ఇచ్చేది ఊరికే ఇస్తుందా? అప్పుడప్పుడూ డాక్టరు తనిఖీ చేసి, మనిషి ఇంకా పనికిరాకుండానే ఉన్నాడని తేల్చాలి. పోయిన పాదం మళ్ళీ మొలుస్తుందేమోనని అనుమానం కాబోలు. ఈసారి తనిఖీ సిద్దిపేట ముసాఫిర్ బంగ్లాలో పెట్టారు. ఆ పింఛను ఆగిందంటే వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవదు.

పుట్టుకతో దుబ్బయ్య గౌండ్లాయన. లడాయికి పోకముందు ఊళ్ళో తాటిచెట్లూ ఈతచెట్లూ గీసి కల్లు తీసినవాడే. తిరిగొచ్చాక ఊరి కల్లు గుత్తదారు రాజనర్సు దగ్గరికి పోయి గీసుకోవడానికి చెట్లు అడిగితే ఆయన పకపకా నవ్వాడు. "సర్కారే నిన్ను పనికిరానోడని పింఛనిస్తుంటే, నేను చెట్లెట్ల ఇయ్యాలెరా?" అన్నాడు. ఆ మాట దుబ్బయ్యకు ముల్లులా దిగబడిపోయింది. వానలు వెనకబట్టిన నాటి నుంచి, తెల్లారకముందే పొలం గట్టుకు పోయేవాడు. బూటు విప్పి, మోడుకాలికి గుడ్డలు చుట్టి, నడుముకు చెట్టెక్కే మోకుతాడు తగిలించుకుని ఈతచెట్టు పట్టుకునేవాడు. మొదట్లో జారాడు, మోకాళ్ళు చెక్కుకుపోయాయి. తరువాత కొసదాకా ఎక్కాడు. మొన్నటికి మొన్న తాడిచెట్టే ఎక్కి, పైనుంచి పెళ్ళాన్ని చూసి ఈల వేశాడు.

కింద కొమురవ్వకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆమె నాయిన అలాంటి చెట్టు మీద నుంచి పడే పోయాడు. ఆ చప్పుడు ఇప్పటికీ ఆమె చెవుల్లోంచి పోలేదు. దిగి వచ్చిన మొగుణ్ణి మెచ్చుకోలేదు సరికదా, నోటికొచ్చినట్టు తిట్టింది. అతని మొహం చిన్నబోయింది.

బంగ్లా అరుగు మీద లడాయి నుంచి వచ్చినవాళ్ళు వరసగా కూర్చున్నారు. కల్లు వేలంపాట కోసం సిద్దిపేటకు వచ్చిన రాజనర్సు కూడా, తమాషా చూద్దామని కిళ్ళీ నములుతూ గోడకానుకుని నిలబడ్డాడు. దుబ్బయ్యను పిలిచారు. లోపల కుర్చీలో ఉన్నది మిలిటరీ డాక్టరు. భుజాల మీద చుక్కలు కనపడ్డాయో లేదో, దుబ్బయ్య రొమ్ము విరుచుకుని, బూటు నేలకు టపీమని కొట్టి సలాం చేశాడు. నడవమంటే కవాతు చేశాడు. కొమురవ్వ నేర్పిన కుంటుడు గంగలో కలిసింది.

డాక్టరు మురిసిపోయి గుమాస్తాతో ఉర్దూలో ఏదో అన్నాడు. గుమాస్తా గుమ్మం దగ్గరున్న కొమురవ్వకు చెప్పాడు. "నీ పెనిమిటి గట్టిగున్నడటమ్మా. పింఛను బంద్ చేద్దమంటున్నడు."

కొమురవ్వ ఒక్క ఉరుకున లోపలికి వచ్చింది. "బాంచెన్ దొరా! గౌండ్లోనికి నడుచుడు ఒక పనా? చెట్టెక్కుడు పని. ఈన ఎక్కలేడు. కూలిజేసి నేను సాకుతున్న. ఇంట్ల కూసుండి తినుడు తప్ప ఏం రాదు. ఉత్త చేతగానోడు!"

కూలి మాట, చెట్టు మాట ఆమె ముందే అనుకుని వచ్చింది. ఆఖరి మాట మాత్రం దానంతటదే నోరు జారింది.

గుమాస్తా అంతా ఉర్దూలోకి తిప్పి చెప్పకముందే దుబ్బయ్య అందుకున్నాడు. "ఎక్కుత హుజూర్!"

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇద్దరిలో ఒకరిది అబద్ధం. బంగ్లా వెనక ఈతచెట్టు చూపించి, ఎక్కమన్నాడు. ఎక్కితే పింఛను లేదన్నాడు. రాజనర్సు మీసం దువ్వి, "ఎక్కరా చూద్దాం. ఎక్కితె ఈ యేడు చెట్లు నీయి" అన్నాడు.

దుబ్బయ్య బండి దగ్గరికి పోయి గడ్డి కింద నుంచి మోకు తీశాడు. అది బండిలో ఉన్నట్టు కొమురవ్వకు తెలియనే తెలియదు. అంటే, వేలంపాటకు వచ్చే రాజనర్సుకు ఎక్కి చూపించాలనే వచ్చాడన్నమాట.

బూటు విప్పాడు. గుడ్డలు చుట్టుకున్నాడు. అందరూ మూగారు. ఎక్కేస్తాడని కొమురవ్వకు తెలుసు. ఎక్కితే పింఛను పోతుంది, చెట్లు వస్తాయి, రోజూ పొద్దునా మాపూ ఆమె ప్రాణం అరచేతిలో పెట్టుకుని బతకాలి. వద్దు దేవుడా అనుకుంది. అయినా మనసు ఒక మూల, ఎక్కితే బాగుండు, ఆ రాజనర్సు నవ్వు మాడిపోతుంది అనుకుంది. అదీ నిజమే.

దుబ్బయ్య మోకును పైకి గుంజి ఒక గుంజు ఎక్కాడు. రెండో గుంజు ఎక్కాడు. ఆగాడు. తల తిప్పి కిందికి చూశాడు. రాజనర్సును కాదు, డాక్టరునూ కాదు, పెళ్ళాన్ని చూశాడు. చెట్టుకు నుదురు ఆనించాడు. తరువాత మెల్లగా దిగాడు.

"చేతకాదు హుజూర్."

డాక్టరు మనసు కరిగింది. అతని భుజం తట్టి, బతికినన్నాళ్ళూ పింఛను ఇవ్వాలని, ఇక తనిఖీలు అక్కర్లేదని రాయించాడు. రాజనర్సు కిళ్ళీ ఉమ్మి, "నేను ముందే చెప్పలేదా" అంటూ వెళ్ళిపోయాడు.

తిరుగు దారిలో కొమురవ్వ వేడి శెనగలు కొని మొగుడి చేతిలో పోసింది. కోరుకున్నదంతా దొరికింది. పింఛను నిలబడింది, మనిషి నేల మీద నిలబడ్డాడు. సంతోషపడాలి కదా, తను మాత్రం ఒక్క గింజా నోట్లో వేసుకోలేదు. ఊరి పొలిమేర చేరేదాకా ఓర్చుకుని, ఇక ఆగలేక అడిగింది.

"నిజం చెప్పయ్యా. గంత తాడి ఎక్కినోనివి, గా ఈతచెట్టు ఎక్కరాలేదా?"

దుబ్బయ్యకు కోపం లేదు. కోపం ఉన్నా ఆమె ఓర్చుకునేది.

"ఎందుకెక్కరాదే? రెండు గుంజులకు దమ్ము సుత రాలేదు" అన్నాడు. "గప్పుడు నువ్వన్న మాట యాదికొచ్చింది. నువ్వే చేతగానోడన్నంక, ఇగ ఎవలి కోసం ఎక్కాలె?"