దూదికి మిగిల్చే ముద్ద

తొమ్మిదో రోజు ఉదయం కూడా దూది తినలేదు.

అమల పెరుగన్నం మెత్తగా పిసికి, వేలి కొసన పెట్టి దాని మూతి దగ్గరకు తీసుకెళ్లింది. ఆ తెల్లటి పొమేరియన్ కుక్క ఒకసారి వాసన చూసి, మర్యాదకన్నట్టు తోక కొద్దిగా కదిపి, ముఖం గోడ వైపు తిప్పుకుంది. తలుపు చప్పుడైతే చాలు, ఇల్లు లేచిపోయేలా మొరిగే కుక్క అది. గ్యాస్ బండ తెచ్చేవాళ్లు కింది మెట్టు మీదే నిలబడి కేకేసేవారు. ఇప్పుడు ఇంటి నిండా చుట్టాలున్నా దానికి పట్టడం లేదు.

అమల భర్త దివాకర్ యూనివర్సిటీ లైబ్రరీలో పాత పుస్తకాలకు బైండింగ్ చేసేవాడు. ఏడేళ్లుగా దూది పనంతా ఆయనదే. పొద్దున్నే తార్నాక నుంచి క్యాంపస్‌లోకి, ఆర్ట్స్ కాలేజీ దాకా తిప్పుకొచ్చేవాడు. చెవుల వెనక చిక్కులు నొప్పి తెలియకుండా విడదీసేవాడు. ఎండాకాలం తడిగుడ్డ పరిచి ఫ్యాను కింద పడుకోబెట్టేవాడు. "గిది ఇంటి కుక్క కాదు, ఒక్క మనిషి కుక్క" అని నవ్వేవాడు. బడిలో తెలుగు చెప్పే అమలకు చీర మీద తెల్ల వెంట్రుకలు ఏరుకోవడమే తెలుసు. రాత్రి భోజనం చివర ఆయన కంచంలో ఒక ముద్ద మిగిల్చేవాడు. అది దూదిది. అదే ముద్దను గిన్నెలో వేస్తే ముట్టేది కాదు.

గుండెపోటుతో ఆయన పోయిన మూడో రోజు మేడ మీద పిట్టకు పెట్టారు. అన్నం, ఆయనకిష్టమైన మటన్ కూర. విస్తరిలో పెడతామంటే అమలే వద్దని ఆయన కంచం తెచ్చింది. అందరూ దూరంగా జరిగి కాకి కోసం చూస్తున్నారు. అంతవరకు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టని దూది మెట్లెక్కి ఉరికొచ్చింది. కంచాన్ని గుర్తుపట్టింది.

"ఏయ్, పట్టుండ్రి దాన్ని! పిట్ట కంటె ముందు కుక్క మూతి పెడితే అన్నకు అందదు" అని మరిది వెంకటేశం అరిచాడు.

అమలే పట్టుకుంది. మెతుకులకు జానెడు దూరంలో ఉన్నదాన్ని ఎత్తుకుని కిందికి తెచ్చి, స్నానాల గదిలో పెట్టి గొళ్లెం వేసింది. అది తలుపు గోకుతూ చాలాసేపు మొరిగింది. పైన కాకి వాలింది. అందరూ తృప్తిగా చేతులు కడుక్కున్నారు. ఆ కంచం మళ్లీ ఇల్లు చేరకూడదని ఎవరికో ఇచ్చేశారు. అమల గొళ్లెం తీసేసరికి దూది మొరగడం మానేసింది. మళ్లీ మొరగలేదు.

హబ్సిగూడలో డాక్టరమ్మ రెండుసార్లు సెలైన్ ఎక్కించింది. "చిన్న జాతి కుక్క మేడం, ఇన్ని రోజులు పస్తుంటే లివర్ తట్టుకోదు. ఎట్లన్న చేసి తినిపించండి" అంది.

ఈ ఉదయం మళ్లీ అక్కడికే తీసుకెళ్దామని అమల దూదిని తువ్వాలులో చుట్టుకుని చెప్పులేసుకుంటుంటే ఆడపడుచు లచ్చవ్వ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఎల్లుండి పెద్ద కర్మ పెట్టుకొని యాడికే? అది ఉపాసముంటున్నది, మనమేమో మూడు పూటలు మెక్కుతున్నం. నలుగురు నవ్వుతరు! నా తమ్ముడు పడిపోయిననాడు గింత ఉరికినవా నువ్వు?"

ఆ రోజు ఫోన్ బ్యాగులో ఉండిపోయింది. ఆఖరి పీరియడ్ అయ్యాకే అమల చూసుకుంది. ఆ సంగతి లచ్చవ్వకూ తెలుసు. అమల పక్కనుంచి తప్పుకుని మెట్లు దిగింది.

"బొమ్మ అనుకున్న మేడం, కుక్కనా! కరుస్తదా?" అన్నాడు ఆటో అతను.

"కరవదు."

తార్నాక సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. అమల అరచేతి కింద దూది ఊపిరి అందీ అందకుండా ఉంది. ఇరవై ఆరేళ్లు పిల్లలకు మాటలు నేర్పిన మనిషి, దాని చెవి దగ్గర వంగి, "నేనే పట్టుకున్నరా ఆరోజు" అని మాత్రం అనగలిగింది. దూది కళ్లు తెరిచి ఆమెను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. పచ్చ లైటు పడేసరికి అరచేతి కింద కదలిక ఆగిపోయింది.

"హబ్సిగూడల యాడ మేడం?"

"వద్దు. క్యాంపస్‌లోకి తిప్పు."

గేటు దగ్గర కాపలా ఉండే పోచయ్య తువ్వాలులోకి తొంగిచూసి నవ్వాడు.

"మా దివాకర్ సారు కుక్క గాదా! సారేడమ్మా, వారం నుంచి కనవడ్తలేడు? ఊరికి పోయిండా?"

ఈ తొమ్మిది రోజులూ చావు కబురు అందరికీ వెంకటేశమే చెప్పాడు.

"సారు చచ్చిపోయిండు" అంది అమల. "ఇది కూడా."

పోచయ్య గొయ్యి తవ్వడానికి గడ్డపార కోసం వెళ్లాడు. అమల ఆటో దిగలేదు. తువ్వాలు ఇంకా వెచ్చగానే ఉంది.