బాలవాడి టీవీ మూగబోయిన పూట

మా ధర్మవరం మగ్గాల వీధి బాలవాడికి టీవీ వచ్చిన ఏడాది పిల్లలకంటే పెద్దవాళ్ళకే ఎక్కువ సంబరం. పిల్లలు దాని ముందు కూర్చుంటే మనం నిశ్చింతగా నేసుకోవచ్చు అనుకున్నాం. పిల్లల కార్యక్రమం అయిపోయి, ఎవరికీ అర్థం కాని ఇంగ్లీషు పాఠాలు వస్తున్నా ఆ పెట్టెను ఎవరూ ఆపేవాళ్ళు కాదు. గదినిండా పిల్లలతో హబీబా టీచరు మాత్రం ఒక్కతే ఎంతని వేగుతుంది పాపం!

అందరిలోకీ బుద్ధిమంతురాలు జయరాముడి కూతురు ఈశ్వరి. నాలుగేళ్ళొచ్చినా మాటలు రాలేదు. టీవీ ముందు కూర్చోబెడితే మాత్రం కదలదు, మెదలదు.

"మా నాయన గూడా శానా ఆలస్యంగా మాట్లాడినాడంట. దీని చూపు ఎంత నిలకడగా ఉండాదో చూడన్నా! రేపు మగ్గం మింద కూచుంటే ఒక్క పోగు గూడా తప్పదు" అని జయరాముడు మురిసిపోయేవాడు. మేమూ తల ఊపేవాళ్ళం, తెలివితక్కువ వాళ్ళం.

వాళ్ళింట్లో రెండు మగ్గాలు. ఆ చప్పుడులో గొంతు చించుకున్నా వినబడదు. అందుకే ఎవరినైనా పిలవాలంటే పక్కన నేల మీద గట్టిగా తట్టడం అలవాటు. తల్లి రామాంజినమ్మ అలా తట్టగానే ఈశ్వరి చప్పున తిరిగేది. అంత చురుకైన పిల్లకు లోపముందని ఎవరనుకుంటారు?

ఒకరోజు పొద్దున రామాంజినమ్మ పిల్లకు సద్ది తీసుకుని బాలవాడికి వచ్చింది. సరిగ్గా అప్పుడే టీవీలో బొమ్మ ఉండగానే మాట పోయింది. "టీచరమ్మా, మాట రాలేదు!" అని పిల్లలంతా గోల చేసి, విసుగెత్తి బయటికి పరిగెత్తారు. ఈశ్వరి ఒక్కతే తెర ముందు కూర్చుని, కోతిబొమ్మ గంతులు చూసి కిలకిలా నవ్వుతోంది.

హబీబా టీచరు ముఖం పాలిపోయింది. పిల్ల వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. గిన్నె మీద గరిటెతో మోగించింది. ఈశ్వరి తిరగలేదు.

"ఈశ్వరీ!" అని తల్లి కేక వేసింది. ఆ కేకకు వీధిలో ఉన్న మేము ఉలిక్కిపడి లోపలికి వచ్చాం. పిల్ల మాత్రం తిరగలేదు.

"ఇంట్లో పిలిస్తే తిరుగుతాది టీచరమ్మా! నేల తట్టితే సాలు..." అంటూ వంగి, నేలను అరచేత్తో తట్టింది. నేల అదురు తగలగానే ఈశ్వరి తిరిగి, అమ్మను చూసి చేతులు చాపింది.

రామాంజినమ్మ అక్కడే కూలబడింది. "పుట్టినకాడి నుంచీ ఇది నా గొంతే ఇన్లేదా?"

మాకు బుద్ధి రావడానికి ఒక పెట్టె మూగబోవాల్సి వచ్చింది.

హబీబా టీచరు టీవీ ఆపేసింది. పిల్ల చేతిని తీసుకుని రామాంజినమ్మ గొంతు మీద ఆనించింది.

"ఇప్పుడు పిలువు అక్కా."

"ఈశ్వరీ" అంది తల్లి ఏడుస్తూనే.

ఈశ్వరి అదిరిపడి చేయి వెనక్కి తీసుకుంది. అమ్మ ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా మళ్ళీ చేయి చాపి, ఇంట్లో నేలను తట్టినట్టే, ఇంకోసారి పిలవమని అమ్మ గొంతు మీద తట్టింది.