ఫొటోలో ఒక్కరే

"మీరిద్దరూ కాసేపు మోటారు గది వెనక కూర్చోండి," అన్నాడు బట్టల కొట్టాయన, కారు దిగుతూనే. "సర్వే అమ్మాయి వచ్చి ఫొటో తీసుకుని పోతుంది. పొలంలో నేనొక్కణ్ణే ఉండాలి. ఎందుకొచ్చిన గొడవ?"

గొడవ ఎందుకొచ్చిందో పెద్దక్కకు బాగా తెలుసు. నిన్న మొన్నటి దాకా ఎరువుల కొట్లో సబ్సిడీ పోను మిగిలింది కట్టి బస్తా తెచ్చుకునేది. ఇప్పుడు పద్ధతి మార్చారు. ముందు పూర్తి ధర కట్టాలి, సబ్సిడీ తర్వాత రైతు ఖాతాలో పడుతుంది. రైతంటే ఎవరు? పొలంలో నిలబడి ఫొటో దిగినవాడు. మొదటి విడత ఎరువు ఆమె పూర్తి ధరకే కొని చల్లింది. సబ్సిడీ చేతికి రాకపోతే రెండో విడత కొనలేదు. కొనకపోతే వెన్నులో సగం తాలు గింజలే.

పొలం కొట్టాయనది, పెద్దక్క వాళ్ల కౌలు నోటిమాట మీద నడుస్తోంది. కాగితం రాసిమ్మని అడిగి కౌలు పోగొట్టుకున్న పక్క పొలం ఆయన ఇప్పుడు ఊళ్లో ఆటో నడుపుకుంటున్నాడు.

"బాబాయ్, ఆ సబ్సిడీ నీ ఖాతాలో పడితే నాకిస్తావా?"

"నేనేమన్నా పరాయివాణ్ణా? చూద్దాంలే."

"చూద్దాం, చూద్దాం అని నీ నోట వినీ వినీ నా జుట్టు నెరిసింది."

"దానికి నేనేం చేస్తాను? నూనె రాసుకో."

పెద్దక్క మొగుడు అప్పటికే గది వెనక చతికిలబడ్డాడు. కొట్టాయన కనబడితే చాలు, ఆయన కాళ్లు వాటంతటవే వెనక్కి నడుస్తాయి. "రావే తల్లీ," అని సైగ చేశాడు. పళ్లు కొరుక్కుంటూ ఆమె కూడా వెళ్లి కూర్చుంది.

సర్వే అమ్మాయి స్కూటరు దిగింది. చేతిలో ట్యాబ్. ఎండకు మొహం కందిపోయింది.

"పొలం ఎవరిదండీ?"

"నాదే. చేసేదీ నేనే, ఇంకెవరూ లేరు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వ్యవసాయమే." కొట్టాయన బూట్లు తళతళలాడుతున్నాయి.

"గట్టు మీద నుంచుంటే ట్యాబ్ ఒప్పుకోదండీ. లోపలికి దిగండి. ఇంకా లోపలికి. ఇంకొంచెం."

ఆ పొద్దునే కాలువ వంతు వచ్చి పెద్దక్క మడికి నీళ్లు పెట్టింది. ఆయన నడుస్తున్నది తూర్పు మూలకి. ఏటా అక్కడ మోకాలి లోతు దిగబడుతుంది. ఆగమని అరవబోయి ఆగిపోయింది. గది వెనక ఉన్నవాళ్లు మాట్లాడకూడదు కదా!

ఫొటో పడింది. కొట్టాయన నవ్వు ఆపి కాలు తీయబోయాడు. కాలు రాలేదు. రెండోది ఊనితే అదీ దిగబడింది.

"అమ్మాయ్! ఎక్కడున్నావే? చెయ్యందుకో!"

సర్వే అమ్మాయి చుట్టూ చూసింది. "ఎవరూ లేరన్నారుగా?"

పెద్దక్క వచ్చింది. గట్టు అంచున చేతులు కట్టుకుని నిలబడింది.

"ముందు ఈ అమ్మాయికి చెప్పు బాబాయ్. ఈ పొలం చేసేదెవరు?"

"ఇప్పుడా బేరం?"

"నీ కొట్లో నేర్చుకున్నదే. ధర తేలనిదే గుడ్డ చింపవుగా."

"ఒసేయ్, చెయ్యివ్వవే!" గది వెనక నుంచి మొగుడి గొంతు.

"నువ్వు అక్కడ లేవు. నోరు మూసుకో!"

బురద మోకాలు దాటింది. కొట్టాయన మొహం పాలిపోయింది. "నువ్వేనే! నువ్వే చేస్తున్నావు! కౌలుకిచ్చానమ్మా, ఏళ్ల తరబడి వీళ్లే చేస్తున్నారు. చాలా?"

పెద్దక్క సర్వే అమ్మాయి వైపు తిరిగింది. "విన్నావుగా అమ్మా! రాసుకో."

సర్వే అమ్మాయి వేలితో తెర మీద పైకీ కిందికీ జరిపింది. "విన్నానక్కా. రాయడానికి చోటు లేదు."

"ఏదో ఓ మూల రాయమ్మా."

"ఇందులో యజమాని అని ఒక్కటే ఉంది. కౌలు వాళ్ల సంగతి వచ్చే విడతలో చూద్దామన్నారు."

"ఎవరన్నారు?"

"పైవాళ్లు."

"వాళ్లకీ బట్టల కొట్లు ఉన్నాయా?"

ఆ పిల్ల నవ్వలేదు. "ఈ ఫొటో తీసేయమంటే తీసేస్తా. అప్పుడు ఈ పొలానికి సబ్సిడీ ఎవరికీ రాదు. పంపనా, తీసేయనా? నాకింకా బోలెడు పొలాలున్నాయక్కా."

పెద్దక్క లెక్క వేసుకుంది. తీసేయిస్తే కడుపు చల్లబడుతుంది, పంట తాలుపోతుంది. పంపితే మిగిలేది బాబాయి మాట ఒక్కటే.

"పంపు," అంది.

స్కూటరు దుమ్ము రేపుకుంటూ పోయింది. కొట్టాయన బురదలో గిలగిల్లాడుతున్నాడు. ఊగినప్పుడల్లా ఓ గుప్పెడు నారు పైకి తేలుతోంది. పెద్దక్క చీర ఎగదోపుకుని దిగి, రెట్ట పట్టుకుని ఒక్క లాగు లాగింది.

"నీ మనసు వెన్నని నాకు తెలుసే," అన్నాడాయన రొప్పుతూ.

"వెన్నా లేదు, నెయ్యీ లేదు. నా నారు తొక్కుతున్నావు."

కారు వెళ్లిపోయాక మొగుడు మెల్లగా బయటికొచ్చాడు. ఆమె వంగి, తేలిన నారంతా ఏరి మళ్లీ నాటుతోంది. చేతికి బూటు తగిలింది. తీసి గట్టు మీదికి విసిరికొట్టింది.

"రెండో విడత ఎరువు సంగతేమిటే?" అన్నాడాయన.

"చూద్దాం," అంది. తన నోట ఆ మాట విని ఆమెకే ఒళ్లు మండిపోయింది.